అసలు జాజిచెట్టు ఏది?

పచారీ దుకాణములో జాజికాయ అడిగితే దుకాణదారు ఇచ్చేది కాయ కాదు, ఒక గింజ లోపలి పప్పు. జాపత్రి అడిగితే ఇచ్చేది పత్రము కాదు, పువ్వు కూడా కాదు. అదే గింజను అంటిపెట్టుకొని ఉండే తొడుగు. రెండూ ఒకే పండులోనివని తెలిసినవారు తక్కువ. ఇంకొక చిక్కు కూడా ఉన్నది. జాపత్రి డబ్బా పక్కనే కొన్ని దుకాణములలో ‘రామపత్రి’ అనే సరుకు ఉంటుంది. చూపునకు అది జాపత్రివలెనే ఉంటుంది. ధర తక్కువ, వాసన మరీ తక్కువ. అది జాజిచెట్టునకు దాయాది అయిన వేరొక చెట్టునుండి వచ్చినది.

వంటింటిలో ఈ రెంటిని కలగలిపితే కలిగే నష్టము స్వల్పము. కాని పదిహేడు, పదునెనిమిది శతాబ్దములలో ఏ చెట్టు అసలు జాజి, ఏది దాని పోలిక మాత్రమే గల మరొక చెట్టు అన్న ప్రశ్న రాజ్యములను కదిలించినది. దానికి జవాబు తెలియక ఓడలు వట్టి చేతులతో తిరిగి వచ్చాయి. జవాబు చెప్పబోయిన ఇద్దరు విద్వాంసులు జీవితాంతము విరోధులైనారు. ఆ కథ చెట్ల గుర్తింపు శాస్త్రము ఎట్లు పెరిగినదో తెలిపే కథ కూడా.

నేటి ఇండొనేషియాలో, సులవేసీకి న్యూగినీకి నడుమ చెదరి ఉన్న ద్వీపములను మొలుక్కా దీవులు అంటారు. వాటికి దక్షిణమున సముద్రములో పది చిన్న దీవుల గుంపు ఒకటి కలదు. దాని పేరు బాందా. అందులో ఒకటి నేటికీ నిప్పు కక్కగల కొండ. స్థానికులు దానిని గునుంగ్ ఆపి, అనగా నిప్పుకొండ, అనే పిలుస్తారు. ఆ బూడిద నేలమీద, కనారి అనే మహావృక్షముల నీడలో, సముద్రపు గాలి తగిలీ తగలని చోట జాజిచెట్లు పెరిగేవి. ప్రపంచమునకు కావలసిన జాజికాయ అంతా శతాబ్దముల తరబడి ఇక్కడినుండియే వెళ్లినది. జావావారు, అరబ్బులు, గుజరాతీలు చేతులు మార్చుకుంటూ తీసుకొని పోగా, ఐరోపాలో తినేవారికి అది ఏ చెట్టుకు కాసినదో, ఆ చెట్టు ఎక్కడ ఉన్నదో తెలియదు. పోర్చుగీసువారు 1512లో బాందా చేరిన పిమ్మట గాని ఆ రహస్యము విడలేదు.

వారి వెనుక డచ్చివారు వచ్చారు. మన పెద్దలు వలందావారని పిలిచినది వీరినే. ఈ వర్తకముతో తెలుగు తీరమునకు నేరుగా సంబంధము ఉన్నది. మొలుక్కా దీవులవారు వెండికంటె వస్త్రములను ఎక్కువ ఇష్టపడేవారు. ఆ వస్త్రముల కొరకే డచ్చి కంపెనీ 1605-06 ప్రాంతములో మచిలీపట్నములో కొఠీ పెట్టినది. తెలుగు సాలెవారి మగ్గముమీద నేసిన బట్ట ఓడలో తూర్పునకు పోయి జాజికాయగా మారి, ఆ జాజికాయ ఐరోపాకు పోయి బంగారముగా మారేది.

లాభము పూర్తిగా తమకే దక్కవలెనని డచ్చివారు కోరుకున్నారు. 1621లో యాన్ పీటర్స్‌జోన్ కూన్ అనే గవర్నరు జనరలు బాందామీద దండెత్తినాడు. అప్పటికి అక్కడ సుమారు 15,000 మంది ఉండేవారని అంచనా. ఆ యేడు గడిచేసరికి మిగిలినవారు వెయ్యిమంది ప్రాంతము. చంపబడినవారు, ఆకలితో చచ్చినవారు, బానిసలుగా తరలింపబడినవారు పోగా మిగిలిన తోటలను ముక్కలు చేసి డచ్చి కాపులకు పంచి, బానిసలచేత సేద్యము చేయించారు. ఎగుమతి చేసే జాజికాయలు ఎక్కడా మొలవకుండ సున్నపునీటిలో ముంచేవారు. ఇతర దీవులలో జాజిచెట్టు కనబడితే నరికించేవారు. బాందాకు చేరిన రన్ అనే చిన్న దీవిమీద ఆంగ్లేయులు తమ హక్కును 1667 బ్రేడా సంధిలో వదులుకున్నారు. బదులుగా అమెరికాలోని మన్‌హాటన్ వారి చేతిలో నిలిచినది. ఆనాటి లెక్కలో డచ్చివారికి ఆ బేరము నష్టముగా తోచలేదు.

ఈ ఏకస్వామ్యమునకు ఒక వృక్షశాస్త్ర సంబంధమైన బలహీనత ఉన్నది. మొలుక్కాలలోను, న్యూగినీలోను జాజిని పోలిన చెట్లు డజన్లకొద్దీ కలవు. చెట్టును నరుకవలసిన సిపాయి అయినా, దానిని దొంగిలించవలసిన పరదేశి అయినా ముందు దానిని పోల్చుకోవాలి. ఆ పోలిక తెలిసినవారు బాందాలో ఉండిరి. వారిలో ఎక్కువమందిని కూన్ చంపించినాడు.

జాజిచెట్టు సాధారణముగా పది పదిహేను మీటర్ల ఎత్తు పెరుగుతుంది. ఎప్పుడూ పచ్చగా ఉంటుంది. కొమ్మలు కాండమునకు చుట్టూ, ఇంచుమించు అడ్డముగా వ్యాపిస్తాయి. ఆకులు ఒకదాని తరువాత ఒకటిగా కొమ్మమీద వస్తాయి; పొడవు ఐదునుండి పదిహేను సెంటీమీటర్లు; పైభాగము ముదురాకుపచ్చ, నిగనిగలాడుతుంది, అడుగుభాగము వెలిసినట్లు ఉంటుంది. నలిపితే సుగంధము. బెరడును కత్తితో గీస్తే ఎర్రని రసము కారుతుంది. పువ్వు సెంటీమీటరుకు మించదు. లేత పసుపు రంగుతో, మైనముతో చేసిన చిన్న కూజావలె తలక్రిందుగా వ్రేలాడుతుంది. అందులో ఆకర్షణపత్రములు, రక్షకపత్రములు అని రెండు వరుసలు లేవు. ఒకే వరుస, దాని అంచు మూడు పాయలు. పండు జామపండంత, లేత పసుపు. పండగానే ఒక గీత వెంట రెండుగా పగులుతుంది. ఆ పగులులోనుండి నల్లగా మెరిసే పెంకుగింజ, దానిమీద నెత్తురువంటి ఎర్రని జాపత్రి కనబడతాయి. చెట్టుమీద ఆ దృశ్యమును ఒకసారి చూచినవారు మరువలేరు. ఎండిన తరువాత జాపత్రి ఎరుపు పోయి నారింజ, పసుపు రంగులకు తిరుగుతుంది.

ఆ ఎరుపు ఊరకే లేదు. పెద్ద జాతి పావురములు దానికై పండును వెదకి గింజను మింగి, తొడుగును జీర్ణము చేసుకొని, గింజను వేరొక దీవిలో విడుస్తాయి. డచ్చివారు మనుష్యులను కట్టడి చేయగలిగారు గాని పావురములను చేయలేకపోయారు. ఒకచోట నరికిన చెట్టు మరొకచోట మొలిచేది.

మగపూలు ఒక చెట్టున, ఆడపూలు వేరొక చెట్టున పూయటము జాజికి గల మరొక లక్షణము. మగపూలలో కేసరములన్నీ అతుక్కొని నడుమ ఒక చిన్న స్తంభమువలె నిలిచి, దాని చుట్టూ పరాగకోశములు నిలువుగా అంటుకొని ఉంటాయి. ఆడపూవులో ఆ స్థానమున అండాశయము ఉంటుంది. పైకి రెండు పూలూ ఒకేవిధముగా కనబడతాయి. మొక్క నాటిన ఆరేడు సంవత్సరములకు పూలు పూచేవరకు అది మగదో ఆడదో చెప్పుటకు రైతుకు ఏ గుర్తూ దొరకదు. పూచిన తరువాత మగచెట్లను చాలవరకు తీసివేసి, సుమారు పది ఆడచెట్లకు ఒక మగచెట్టు చొప్పున ఉంచుతారు. పరాగమును మోసేవి చిన్న పెంకుపురుగులు. దక్షిణ భారతములోని తోటలలో చేసి 1986లో ప్రకటించిన ఒక పరిశీలనలో, ఆడపూవు ఆ పురుగుకు ఏ ఆహారమూ ఇవ్వదని, మగపూవును పోలిన రూపముతో, వాసనతో దానిని మోసగించి రప్పించుకుంటుందని తేలినది. మనుష్యులను మోసగించిన చెట్టు పురుగులను వదలుతుందా?

ఈ మగ, ఆడ భేదమును సరిగా తెలిసికొనకపోవుటవలన ఐరోపావారు ఒక పెద్ద తప్పుదారి పట్టారు. మార్కెట్టుకు వచ్చే కాయలలో కొన్ని గుండ్రముగాను, కొన్ని పొడవుగాను ఉండేవి. పొడవైనవి వాసన తక్కువ. పదహారవ శతాబ్దపు పండితులు గుండ్రనివి ఆడజాజి, పొడవైనవి మగజాజి అన్నారు. డచ్చి వర్తకులు సైతము వాటిని ‘మగకాయలు’ అనియే పిలిచారు. ఈ మాటలో తప్పు ఎక్కడ ఉన్నదో విద్యార్థులే చెప్పగలరు. మగచెట్టు కాయే కాయదు! కాయ ఉన్నదంటేనే అది ఆడచెట్టు. కాబట్టి పొడవైన కాయ వేరొక జాతి చెట్టుది కావాలి తప్ప అదే జాతి మగచెట్టుది కానేరదు. ఇంత సులభమైన తర్కము రెండు శతాబ్దములు మరుగున పడి ఉండుటకు కారణము ఒక్కటే: కాయను చూచినవారు చెట్టును చూడలేదు.

చెట్టును చూచినవాడు గేయోర్గ్ ఎబర్‌హార్డ్ రూంఫియస్. 1627లో జర్మనీలో పుట్టి, డచ్చి కంపెనీ సిపాయిగా తూర్పునకు వచ్చి, 1654నుండి మరణించేవరకు మొలుక్కాలలోని ఆంబాన్ దీవిలో ఉండిపోయినాడు. తరువాత వర్తకశాఖలోనికి మారి, తీరిక వేళలలో ఆ దీవుల మొక్కలన్నిటిని వర్ణించుటకు పూనుకున్నాడు. 1670లో రెండు కండ్లూ పోయాయి. 1674 ఫిబ్రవరిలో వచ్చిన భూకంపములో భార్య సుసానా, ఒక కుమార్తె గోడ క్రింద పడి చనిపోయారు. తనకు మొక్కలు తెచ్చి చూపిన ఆ భార్య పేరుతోనే ఆయన ఒక తెల్లని పూవును పిలిచాడు. దానికి శాస్త్రీయ నామములో నేటికీ ఆమె పేరు ఉన్నది. 1687లో ఆంబాన్ పట్టణము తగులబడినప్పుడు ఆయన గీయించుకున్న చిత్రములు కాలిపోయాయి. మరల గీయించాడు. మొదటి ఆరు భాగముల వ్రాతప్రతిని ఎక్కించుకొని పోయిన ఓడను 1692లో ఫ్రెంచివారు ముంచివేశారు. అదృష్టవశాత్తు బటావియాలోని గవర్నరు జనరలు కాంఫైస్ ముందుగా ఒక నకలు తీయించి ఉంచినాడు. అది హాలెండు చేరిన తరువాత కంపెనీవారు పెట్టెలో పెట్టి తాళము వేశారు. సుగంధవృక్షములు పెరిగే స్థలములు, వాటి గుర్తులు శత్రువులకు తెలిసిపోతాయని భయము. రూంఫియస్ 1702లో ఆంబాన్‌లోనే మరణించాడు. ఆయన ‘ఆంబాన్ వృక్షసంహిత’ను యోహానెస్ బుర్మాన్ అనే ఆచార్యుడు 1741నుండి ప్రకటించెను. గ్రంథకర్త చనిపోయి అప్పటికి ఇంచుమించు నలువది సంవత్సరములయినవి.

ఆ గ్రంథము రెండవ సంపుటములో జాజి ఉన్నది. అసలు జాజిని ఒక అధ్యాయమునను, ‘మగజాజి’ అని లోకము పిలుస్తున్న అడవిచెట్టును వేరొక అధ్యాయమునను వర్ణించి, రెంటికీ వేర్వేరు చిత్రములు ఇచ్చాడు. పాతపేరును ఆయన విడువలేదు. అయినా అది వేరే చెట్టు అని మాత్రము స్పష్టముగా చూపినాడు. ఆకుల పరిమాణము, కాయ ఆకారము, జాపత్రి తీరు, గింజ వాసన – వీటన్నిటిని కలిపి చూచుట ఆయన పద్ధతి. కండ్లు లేని మనిషికి ఇది ఎట్లు సాధ్యమయినదని ఆశ్చర్యము కలుగుతుంది. ముందు చూచినది జ్ఞాపకమున్నది. తరువాత ఇతరుల కండ్లు, తన వ్రేళ్లు, ముక్కు, నాలుక తోడైనవి. ఆకు అడుగున నూగు ఉన్నదా లేదా అన్నది వ్రేలికి కంటికంటె బాగుగా తెలుస్తుంది.

ఆ పుస్తకము బయటికి వచ్చిన కొద్ది సంవత్సరములకే దాని అవసరము పడినది. పియేర్ పువావ్ర్ అనే ఫ్రెంచి యువకుడు మతప్రచారకుడు కాబోయి చైనా వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు 1745లో ఆంగ్లేయుల ఫిరంగి దెబ్బకు కుడిచేయి పోగొట్టుకున్నాడు. బందీగా బటావియాలో ఉన్నప్పుడు డచ్చివారి సుగంధ వర్తకమును గూర్చి ఆరాతీసి, ఆ చెట్లను ఎట్లయినా హిందూమహాసముద్రములోని ఫ్రెంచి దీవికి తేవలెనని నిశ్చయించుకున్నాడు. దానిని ఆనాడు ‘ఫ్రాన్సుదీవి’ అనేవారు. నేటి మారిషస్ అదే. 1753లో మనీలానుండి కొన్ని జాజిమొక్కలు, 1755లో మరొక యాత్రనుండి మరికొన్ని గింజలు, మొక్కలు తెచ్చాడు.

ఆ దీవిలో కంపెనీ తోటకు అధికారి ఫ్యూజే-ఓబ్లే. ఔషధవిద్య, వృక్షశాస్త్రము తెలిసినవాడు. పువావ్ర్ తెచ్చినవి అసలు జాజి కానే కావని ఆయన తీర్పు చెప్పినాడు. మొక్కలు కొద్దికాలములోనే చచ్చిపోయాయి. ఓబ్లే అసూయతో వాటిని బుద్ధిపూర్వకముగా చంపినాడని పువావ్ర్ ఆరోపించాడు. 1756లో ఆయన విసిగి స్వదేశమునకు వెళ్లిపోయినాడు.

ఇద్దరిలో ఎవరు నిజము పలికారు? చరిత్రకారులు చాలమంది పువావ్ర్ పక్షము వహించారు. తరువాత విజయము ఆయనదే కావటము దానికి ఒక కారణము. కాని శాస్త్రదృష్టితో చూస్తే ఓబ్లేను అంత తేలికగా దోషి అనుటకు వీలు లేదు. పూలు, కాయలు లేని జానెడు మొక్కలు నాలుగైదు ఆకులతో ఎదుట ఉన్నవి. జాజి ప్రజాతిలో లేతమొక్కలన్నిటికీ ఒకే పోలిక. మనీలాలో కొన్న మొక్క ఏ దీవి అడవినుండి వచ్చినదో కొన్నవానికే తెలియదు. అట్టి స్థితిలో ‘అసలుది’ అని పువావ్ర్ పట్టుబట్టుట ఎంత సాహసమో ‘కాదు’ అని ఓబ్లే తేల్చివేయుట కూడా అంతే సాహసము. బ్రతికి పూచి ఉంటే ఆ మొక్కలే సాక్ష్యము చెప్పేవి. ఇంకొక విశేషము. ఓబ్లే తరువాత దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానా వెళ్లి అక్కడి చెట్లను పరిశీలించి 1775లో పెద్ద గ్రంథము ప్రకటించాడు. అందులో ‘విరోలా’ అనే కొత్త ప్రజాతిని వర్ణించాడు. అది అమెరికా ఖండములో పెరిగే జాజికుటుంబపు చెట్టు! జాజిని గుర్తించలేడని నిందపడిన మనిషే జాజికి సముద్రము ఆవల ఉన్న జ్ఞాతిని శాస్త్రలోకమునకు పరిచయము చేశాడు.

పువావ్ర్ 1767లో మారిషస్‌కు రాజప్రతినిధివర్గములో పెద్ద అధికారిగా తిరిగి వచ్చాడు. ఈసారి రెండు ఓడలను మొలుక్కాలకు పంపించాడు. అవి డచ్చివారి కోటలున్న బాందాకు పోలేదు. హల్మహేరా వైపున, డచ్చివారి చేయి అంతగా చేరని గేబే మొదలైన చిన్న దీవులకు పోయి అక్కడి పెద్దల సహాయముతో మొక్కలు సంపాదించాయి. నరికించామని డచ్చివారు నమ్మిన చెట్లు అక్కడ ఉండనే ఉన్నాయి. 1770 జూన్ నెలలో ఓడలు సుమారు నాలుగువందల జాజిమొక్కలతో, పదివేల గింజలతో, కొన్ని లవంగపు మొక్కలతో తిరిగి వచ్చాయి.

పాత తగాదా మరల రాకుండ పువావ్ర్ ఈసారి జాగ్రత్తపడినాడు. ప్రపంచయాత్రలో వచ్చి దీవిలో ఆగిపోయిన ఫిలిబెర్ కొమ్మెర్సన్ ఆ కాలపు ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞులలో మేటి. తెచ్చిన మొక్కలను, గింజలను ఆయనచేత పరీక్షింపజేసి, అసలు జాజియే అని వ్రాతమూలకముగా ధ్రువపరిపించినాడు. ఈసారి గింజలు చేతిలో ఉండటము గొప్ప సదుపాయము. గింజను అడ్డముగా కోస్తే తెల్లని పప్పులోనికి గోధుమరంగు చారలు నెత్తురునాళములవలె పాకి ఉంటాయి. వక్కను కోసినప్పుడు కనబడే చారలు కూడా దాదాపు ఇట్లే ఉంటాయి; అయినా ఆ రెండు చెట్లకు ఏ బంధుత్వమూ లేదు. ఒక్క లక్షణమును పట్టుకొని చుట్టరికము కలిపితే వచ్చే ప్రమాదము ఇదే.

ఆ మొక్కలు ఎక్కువభాగము ఎండకు, గాలికి పోయాయి. 1772లో రెండవ దఫా తెచ్చారు. 1775నుండి తోటను చూచిన సెరే అనే తోటల అధికారి ప్రాణముగా పెంచగా 1778లో మొట్టమొదటి కాయ పండినది. అప్పుడు గాని ఎవరికీ తిరుగులేని రుజువు దొరకలేదు. పువావ్ర్ తొలి మొక్కలు తెచ్చి అప్పటికి ఇరువదియైదు సంవత్సరములయినవి.

వృక్షములకు రెండుమాటల శాస్త్రీయ నామములు పెట్టిన లిన్నేయస్ 1753నాటి మహాగ్రంథములో జాజిచెట్టునకు చోటు దొరకలేదు. ప్రపంచములో అంత ఖరీదైన చెట్టునకు ఆ గ్రంథములో పేరు లేదంటే నమ్మశక్యము కాదు. 1774లో హౌటైన్ అనే డచ్చి ప్రకృతిశాస్త్రజ్ఞుడు ఆ లోటు తీర్చినాడు. అసలు జాజికి ‘మిరిస్టికా ఫ్రాగ్రన్స్’ అని పేరు పెట్టినాడు. రెండవ మాటకు ‘పరిమళించునది’ అని అర్థము. అదే పుస్తకములో రూంఫియస్ చెప్పిన అడవిజాజికి ‘మిరిస్టికా ఫాటువా’ అన్నాడు. అనగా చప్పనిది, సారము లేనిది. ‘మగజాజి’ అన్న పేరు శాస్త్రగ్రంథములనుండి తొలగిపోయినది.

డచ్చివారి గుత్త అంతటితో ఆగలేదు గాని, దాని గోడ బీటలు వారినది. 1796లో ఆంగ్లేయులు మొలుక్కాలను పట్టుకున్నారు. అప్పుడు కలకత్తా కంపెనీ తోటకు అధిపతి విలియం రాక్స్‌బర్గ్. అంతకుముందు సామర్లకోటలో పుష్కరకాలము పనిచేసి కోస్తా మొక్కలను తెలుగుపేర్లతో సహా వర్ణించినవాడు. ఆ తోటనుండి క్రిస్టఫర్ స్మిత్ అనే మొక్కల నిపుణుని మొలుక్కాలకు పంపించారు. ఆయన పంపిన జాజి, లవంగపు మొక్కలు కలకత్తాకు, పినాంగుకు, మరికొన్ని చోట్లకు చేరినవి. 1843లో జాజి వెస్టిండీసులోని గ్రెనెడాకు పోయి అక్కడ ఎంతగా వేళ్లూనినదంటే, 1974లో స్వతంత్రమయిన ఆ దేశపు జెండామీద కూడా ఒక జాజికాయ పగిలి ఎర్రని పత్రి చూపుతూ ఉంటుంది. 2004లో వచ్చిన ఐవన్ తుపాను అక్కడి తోటలను చాలవరకు నేలమట్టము చేసినది.

తోటలు పెరిగినకొద్దీ వర్తకులకు చిక్కు తీరలేదు, పెరిగినది. న్యూగినీ పడమటి భాగమునుండి పొడవైన కాయలు వస్తూనే ఉన్నాయి. వాటి చెట్టును జర్మన్ శాస్త్రజ్ఞుడు ఓటో వార్‌బుర్గ్ 1891లో ‘మిరిస్టికా ఆర్జెంటియా’ అని వేరుపరిచాడు. ఆర్జెంటియా అనగా వెండివంటిది. ఆకు తిరగవేసి చూస్తే అడుగుభాగము వెండిపూత పూసినట్లు ఉంటుంది. ఆకు కూడా అసలు జాజి ఆకుకంటె చాల పెద్దది. కాయ మూడు నాలుగు సెంటీమీటర్ల పొడవు. దాని పత్రి సన్నని పాయలుగా గాక కొద్దిపాటి వెడల్పయిన పట్టీలుగా ఉంటుంది. హల్మహేరా ప్రాంతములో ఇంకొక జాతి ఉన్నది. దానిని అంతకుముందే బ్లూమే అనే శాస్త్రజ్ఞుడు ‘సక్సిడేనియా’ అన్నాడు. అనగా బదులుగా వాడదగినది. దానికీ సుగంధము ఉన్నది! వాసన చూచి అసలు జాజిని తేల్చవచ్చునని అనుకున్నవారికి ఈ చెట్టు గొప్ప గుణపాఠము. ఫాటువాకు వాసన లేకున్నా దానిని వేరుచేయుటకు పండుమీది గోధుమరంగు నూగు చాలును.

వార్‌బుర్గ్ 1897లో జాజికుటుంబము మొత్తమును పరిశీలించి బృహద్గ్రంథము వ్రాశాడు. సింగపూరు వృక్షోద్యానములో పనిచేసిన జేమ్స్ సింక్లేర్ 1958నుండి పదేండ్లపాటు ఆసియాలోని జాతులను మరల శోధించాడు. హాలెండుకు చెందిన డి విల్డే 2000లో మలేషియా, ఇండొనేషియా, న్యూగినీల జాతులకు సమగ్రమైన వర్ణన ప్రకటించాడు. నేడు ఈ కుటుంబములో సుమారు ఇరువది ప్రజాతులు, ఐదువందల జాతులు గుర్తించబడినవి. మిరిస్టికా ప్రజాతిలో ఎక్కువ జాతులు న్యూగినీలోనే ఉన్నవి.

అడవిలో ఇట్టి చెట్టు ఎదురయితే శాస్త్రజ్ఞుడు మొదట బెరడును గీస్తాడు. ఎర్రరసము రాకపోతే అది ఈ కుటుంబము కాదని ఇంచుమించు నిశ్చయించవచ్చును. పిమ్మట క్రిందపడిన పండ్లు వెదకుతాడు. గింజమీది తొడుగు చీలికలు లేక సంచివలె ఉంటే అది హార్స్‌ఫీల్డియా అనే ప్రజాతి. కొనవద్ద మాత్రమే చీలి ఉంటే నీమా. మొదలుదాక పాయలుగా చీలి ఉంటే మిరిస్టికా. ఆకు అడుగున తెలుపు ఉంటే హార్స్‌ఫీల్డియా కాదనుకోవచ్చును. ఇంతవరకు సులభమే. మిరిస్టికాలో ఏ జాతి అన్నదగ్గర మగపూవు కావాలి. దానిని చీల్చి కేసరస్తంభము పొడవు, దాని కొన ఆకారము, పరాగకోశములు ఎంతవరకు అంటుకున్నవో భూతద్దముతో చూడాలి. నీమాలో అయితే ఆ స్తంభము తల విచ్చుకొని నక్షత్రమువలె ఉంటుంది. మగపూవు ఉన్న చెట్టుకు కాయ ఉండదు, కాయ ఉన్న చెట్టుకు మగపూవు ఉండదు. ఒకే జాతికి చెందిన రెండు చెట్లను వెదకి పట్టుకొంటే గాని వర్ణన పూర్తి కాదు. రూంఫియస్‌నుండి నేటివరకు ఈ కుటుంబముమీద పనిచేసినవారి ఓర్పుకు ఇదే పరీక్ష.

జాజి దాయాదులు మన దేశములోనూ కలవు. పడమటి కనుమలలో, కేరళ, కర్ణాటకములలో వాగుల వెంట నీరు నిలిచే చిత్తడి అడవులలో జాజికుటుంబపు చెట్లు గుంపులుగా పెరుగుతాయి. బురదలో ఊపిరి పీల్చుకొనుటకు వాటి వేళ్లు మోకాళ్లవలె వంగి నేలపైకి లేచి వస్తాయి. వరిపొలములకై అట్టి చిత్తడినేలలు చాలవరకు చదును చేయబడగా నేడు ముక్కలు ముక్కలుగా మాత్రమే మిగిలినవి. ఆ కనుమలలోనే ‘మిరిస్టికా మలబారికా’ అనే జాతి ఉన్నది. రూంఫియస్‌కు సమకాలికుడైన డచ్చి గవర్నరు వాన్ రీడ్ తన మలబారు వృక్షగ్రంథములో దీనిని చిత్రింపజేశాడు. రామపత్రి దీనిదే. బొంబాయి రేవుగుండా పరదేశములకు పోయి జాపత్రిలో కలిపివేయబడుటచేత దానికి అక్కడ ‘బొంబాయి జాపత్రి’ అని అపకీర్తి వచ్చినది. తప్పు చెట్టుది కాదు గదా!

ఈ రెంటిని తరగతిలో పోల్చి చూపుటకు ప్రయోగశాల అక్కరలేదు. జాపత్రి ఒకటి, రామపత్రి ఒకటి తెచ్చి విడివిడి గిన్నెలలో గోరువెచ్చని నీటిలో వేసి ఉంచాలి. మెత్తబడిన తరువాత తెల్లని పింగాణీ పళ్లెములో పరచాలి. అసలు జాపత్రి వెడల్పయిన, చదునయిన పాయలతో, మొదట్లో కలిసి, చేయి విచ్చినట్లు పరచుకుంటుంది. రామపత్రి పాయలు సన్ననివి, ఎక్కువ. కొనవద్ద ఒకదానితో ఒకటి మెలిపడి ఉంటాయి, విడదీయబోతే తెగుతాయి.